గాయం మానింది, స్పర్శ రాలేదు: ఇంకా ఎన్నాళ్లు చూడాలి?

ప్రశ్న: మా తమ్ముడికి 27 ఏళ్లు. కిటికీలకు అద్దాలు బిగించే పని చేస్తాడు. రెండు నెలల కిందట అద్దం పలక జారి, కుడి మణికట్టుకు కాస్త పైన, అరచేతి వైపు, చిటికెన వేలి పక్కగా లోతుగా కోసుకుపోయింది. రక్తం చాలా పోయింది. దగ్గర్లోని ఆసుపత్రిలో కుట్లు వేశారు. ఎక్స్‌రే తీసి ఎముకకేమీ కాలేదన్నారు. పుండు చక్కగా మానింది. కానీ చిటికెన వేలు పూర్తిగా, దాని పక్క వేలు సగం మొద్దుబారిపోయాయి. ఆ రెండు వేళ్లూ లోపలికి వంగిపోతున్నాయి. తాళం తిప్పలేకపోతున్నాడు, గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు. మళ్లీ వెళ్లి అడిగితే నరం నలిగి ఉంటుంది, అదే సర్దుకుంటుంది అని విటమిన్ మాత్రలు రాశారు. ఇంకా ఎన్నాళ్లు చూడాలి? పూర్తిగా తగ్గుతుందా?

జవాబు: ఇంక చూడొద్దమ్మా. ఈ వారంలోనే తమ్ముణ్ని చేతి ఆపరేషన్లు చేసే సర్జన్‌కు చూపించండి. ఆ పని ప్లాస్టిక్ సర్జన్లూ చేస్తారు, ఎముకల డాక్టర్లలో చేతి మీదే ప్రత్యేకంగా పనిచేసేవాళ్లూ చేస్తారు. ఎవరైనా పరవాలేదు, నరాలు కుట్టే అనుభవం ఉండాలి. చేతిని చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ, మీరు రాసిన నాలుగు మాటల్లోనే, చిటికెన వేలి వైపుకు స్పర్శనిచ్చి, చేతిలోని చిన్న కండరాలను నడిపే అల్నార్ నరం తెగిందన్న అనుమానం గట్టిగా కలుగుతోంది.

"నరం నలిగింది, సర్దుకుంటుంది" అన్న మాట అన్నిసార్లూ తప్పు కాదు. చిక్కంతా అక్కడే ఉంది. చేతి మీద తల పెట్టుకుని నిద్రపోతేనో, దెబ్బ తగిలి వాస్తేనో నరం నలుగుతుంది. అప్పుడు ఆగి చూడటమే వైద్యం. కానీ అద్దం, కత్తి, రేకు లాంటి పదునైనవి కోసిన చోట, ఆ కోతకు కింద స్పర్శ పోతే, నరం తెగిందనే అనుకోవాలి. తెగలేదని తేలాల్సింది లోపల విప్పి చూసినప్పుడే. పైన పుండు ఎంత చిన్నదన్నది లెక్కలోకి రాదు. అద్దం ముక్క పైన ఒక అంగుళం కోసినా లోపల ఎముక దాకా దిగుతుంది.

ఎక్స్‌రేలో నరం కనిపించదు, కాబట్టి ఎముక బాగుందన్న మాటకు దీంతో సంబంధం లేదు. రక్తం ఎక్కువ పోయిందన్న వివరం మాత్రం నాకు ముఖ్యంగా తోచింది. మణికట్టు దగ్గర అల్నార్ నరం, అల్నార్ ధమని పక్కపక్కనే నడుస్తాయి. ధమని తెగే చోట నరం కూడా తెగడం మామూలే. అంత రక్తం పోతున్నప్పుడు డాక్టరు దృష్టి దాన్ని ఆపడం మీదే ఉంటుంది. చేయి నొప్పితో ఉంటుంది, మత్తు సూది పడితే ఎలాగూ స్పర్శ తెలియదు. అందుకే స్పర్శ పరీక్ష మత్తివ్వక ముందే చేయాలి. ఆ ఒక్క నిమిషం దాటిపోవడం వల్లే ఇలాంటివి చాలా వరకు మరుగున పడతాయి.

ఇక చేతిలోని నరాల సంగతి. అరచేతికి, వేళ్లకు మూడు నరాలు వస్తాయి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలిలో బొటనవేలి వైపు సగం, వీటికి అరచేతి వైపు స్పర్శ ఇచ్చేది మీడియన్ నరం. చిటికెన వేలు, ఉంగరపు వేలిలో మిగతా సగం అల్నార్ నరానివి. చేతి వెనక బొటనవేలి వైపు భాగం రేడియల్ నరానిది. ఏ నరం దెబ్బతిన్నదో త్వరగా చూసుకోవాలంటే మూడు చోట్లు చాలు: చూపుడు వేలి కొస మీడియన్‌కు, చిటికెన వేలి కొస అల్నార్‌కు, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చేతి వెనక ఉండే చర్మం రేడియల్‌కు. మీ తమ్ముడికి ఉంగరపు వేలు సరిగ్గా సగమే మొద్దుబారిందని రాశారు. ఆ సగం గీత ఊహించి చెప్పేది కాదు, నరాల పటం ప్రకారం ఉండాల్సిన చోటే ఉంది.

ఇంట్లో చూసుకోగలిగినవి కొన్ని చెప్తాను. ఇవి డాక్టరుకు బదులు కాదు, వెళ్లే ముందు మీకు నమ్మకం కలగడానికి.

అతన్ని కళ్లు మూసుకోమని, దూదితో చిటికెన వేలి కొసను మెల్లగా తాకండి. "తెలుస్తోందా?" అని అడగొద్దు. అలా అడిగితే చాలామంది తెలుస్తోందనే అంటారు, ఎందుకంటే వేలు కదిలిన కదలికో ఒత్తిడో పక్కనున్న మంచి చర్మానికి అందుతుంది. ఎడమ చేతిలో అదే చోట తాకి, "రెండుచోట్లా ఒకేలా ఉందా?" అని అడగండి. తేడా అప్పుడు బయటపడుతుంది. తర్వాత చేతి వెనక, చిటికెన వేలి వైపు అంచున కూడా తాకి చూడండి. అల్నార్ నరం నుంచి చేతి వెనక్కి వెళ్లే కొమ్మ మణికట్టుకు కొన్ని సెంటీమీటర్లు పైనే విడిపోతుంది. అక్కడ స్పర్శ ఉండి అరచేతి వైపు లేకపోతే, కోత ఆ కొమ్మకు దిగువన పడిందని అర్థం. మీరు చెప్పిన చోటును బట్టి అలాగే ఉండొచ్చు.

తెగిన నరం కింద చర్మానికి చెమట కూడా పట్టదు. ఆ వేలు నున్నగా, పొడిగా ఉంటుంది. ప్లాస్టిక్ పెన్నును మంచి వేలి మీద జరిపితే కాస్త పట్టుకుంటుంది, దెబ్బతిన్న వేలి మీద జర్రున జారిపోతుంది. ఇంకొకటి: రెండు చేతులూ గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెడితే మంచి వేళ్ల కొసలు ముడతలు పడతాయి, నరం తెగిన వేలు ముడత పడదు. ఎక్కడ తెలియట్లేదో మాటల్లో చెప్పలేని చిన్నపిల్లలకు ఈ పరీక్ష బాగా పనికొస్తుంది. నీళ్ల వేడి మాత్రం మంచి చేత్తోనే చూడాలి.

కండరాల పరీక్షకు ఒక కాగితం చాలు. రెండు చేతుల బొటనవేళ్లకూ చూపుడు వేళ్ల పక్కలకూ మధ్య కాగితాన్ని పట్టుకోమని, మీరు దాన్ని లాగండి. ఎడమ బొటనవేలు నిటారుగా ఉండి కాగితాన్ని అదిమి పడుతుంది. కుడి బొటనవేలు కొస కణుపు దగ్గర టక్కున వంగిందంటే, అదిమిపట్టే కండరం పనిచేయక, మీడియన్ నరం నడిపే వేరే కండరంతో నెట్టుకొస్తున్నాడని అర్థం. దీన్ని 1915లో ఫ్రాన్స్‌కు చెందిన డాక్టర్ ఫ్రొమెంట్ వివరించారు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. తాళం తిప్పలేకపోవడం, గుండీ పెట్టుకోలేకపోవడం ఈ కండరాల లోపమే. అరచేతిని బల్ల మీద ఆనించి వేళ్లు విడదీసి మళ్లీ దగ్గరికి తెమ్మనండి, మధ్య వేలిని అటూ ఇటూ ఊపమనండి. చేయి గాల్లో ఉంచి చేయిస్తే పెద్ద కండరాలు సాయం చేసి మోసం చేస్తాయి, బల్ల మీదైతే కుదరదు. చేతి వెనక బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉబ్బెత్తుగా ఉండే కండను కూడా ఎడమ చేతితో పోల్చి చూడండి. రెండు నెలలకు అక్కడ గుంట పడటం కనిపిస్తుంది.

వేళ్లు వంగిపోవడం గురించి ప్రత్యేకంగా రాశారు కాబట్టి అదీ చెప్తాను. జాగ్రత్తగా గమనిస్తే ఆ రెండు వేళ్లూ మొదట్లో, అంటే పిడికిలి కణుపుల దగ్గర, వెనక్కి వాలి ఉంటాయి. వంగేది మధ్య కణుపు, కొస కణుపు. అరచేతిలోని చిన్న కండరాలు మొదటి కణుపును వంచి పైవాటిని చాచుతాయి. అవి చచ్చుబడితే ముంజేతిలోని పెద్ద కండరాల లాగుడుకు ఎదురుండదు. చూపుడు వేలికి, మధ్య వేలికి ఆ చిన్న కండరాల్లో కొన్ని మీడియన్ నరం నుంచి వస్తాయి, అందుకే అవి వంగలేదు. వినడానికి వింతగా ఉంటుంది కానీ, అల్నార్ నరం మోచేతి దగ్గర తెగినవాళ్ల కంటే మణికట్టు దగ్గర తెగినవాళ్లకే ఈ వంపు ఎక్కువ. మోచేతి దగ్గర తెగితే ఆ రెండు వేళ్ల కొసలను లాగే పెద్ద కండరం కూడా పడిపోతుంది, లాగేది లేక వేలు అంతగా వంగదు. కాబట్టి వంపు ఎంతుందన్న దాన్ని బట్టి దెబ్బ తీవ్రతను కొలవకండి.

చర్మం మానినట్టు నరం ఎందుకు మానదు? చర్మం, కండ తమ దగ్గరున్న కణాలతోనే పూడుకుంటాయి. నరంలో సందేశం మోసే పోగు ఒక్కొక్కటీ వెన్నుపాములోనో దాని పక్కనో ఉన్న కణం నుంచి వేలి కొస దాకా సాగిన ఒకే పొడవాటి తోక. మధ్యలో తెగితే కింది ముక్కకు ప్రాణాధారం పోతుంది, కొద్ది వారాల్లో శిథిలమై లోపలి గొట్టాలు మాత్రం ఖాళీగా మిగులుతాయి. 1850లో వాలర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కప్ప నరాల మీద ఈ సంగతి చూపించారు. పై ముక్క మాత్రం బతికే ఉంటుంది, కొత్త మొలక వేస్తుంది. ఆ మొలక ఖాళీ గొట్టాల్లోకి దిగితే నెమ్మదిగా వేలి దాకా పోతుంది. ఎదురుగా గొట్టం లేకపోతే మచ్చలోనే ముడిపడి ఆగిపోతుంది. తెగిన రెండు కొసలూ దూరం జరిగి ఉంటే అవి వాటంతట అవి వెతుక్కుని కలుసుకోవు. విటమిన్ మాత్ర వాటిని కలపదు. బీ12 లోపం ఉన్నవాళ్లకు ఆ మాత్ర మేలు చేస్తుంది, తెగిన నరానికి అది కాలయాపన.

1943లో సెడన్ అనే బ్రిటిష్ సర్జన్ నరాల దెబ్బలను మూడు రకాలుగా విడదీశారు. నేటికీ మా సంభాషణంతా ఆ లెక్కలోనే. మొదటి రకంలో పోగులు తెగవు, పై పొర నలిగి సందేశం ఆగుతుంది, కొన్ని రోజుల నుంచి రెండు మూడు నెలల్లో పూర్తిగా తిరిగొస్తుంది. రెండోదాంట్లో పోగులు తెగినా గొట్టాలు నిలిచి ఉంటాయి, నెలలు పట్టినా తిరిగి పెరుగుతాయి. మూడోది మొత్తం తెగడం, కుట్టక తప్పదు. మొదటి రోజున మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. తేడా చెప్పేది దెబ్బ ఎలా తగిలిందన్నది. అద్దం కోత అంటే నా మనసు మూడోదాని వైపే పోతుంది.

ఇప్పుడు కాలం లెక్క వేద్దాం, ఎందుకంటే మీరు అడిగిన ప్రశ్న ఇదే. మొలక దాదాపు రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అదీ కుట్టిన మూడు నాలుగు వారాల తర్వాతే నడక మొదలవుతుంది. మచ్చ నుంచి బొటనవేలి పక్క కండరాల దాకా 10, 12 సెంటీమీటర్లు అనుకుంటే నాలుగు నెలలు, ముందున్న నెల కలిపితే ఐదు. చిటికెన వేలి కొసకు 18 సెంటీమీటర్లు అనుకుంటే ఆరు నెలల పైమాటే. మరోపక్క నరం అందని కండరం ఎల్లకాలం ఎదురుచూడదు. ఏడాది, ఏడాదిన్నర దాటితే నరం చేరినా అందుకునే స్థితిలో ఉండదు. మీ తమ్ముడికి ఇప్పటికే రెండు నెలలయ్యాయి. ఈ నెలలో కుడితే, దెబ్బ తగిలిన రోజు నుంచి ఏడెనిమిది నెలలకు కండరాలకు చేరుతుంది, గడువులోపే. ఇంకో ఆరు నెలలు చూద్దామని కూర్చుంటే ఏడాది దాటి అంచుకు చేరతాం. స్పర్శ విషయంలో అంత గట్టి గడువు లేదు, ఆలస్యమైనా కొంత తిరిగొస్తుంది. కండరాలే ఆగవు.

సర్జన్ ముందు తన చేత్తోనే పరీక్షిస్తారు. మచ్చ మీద వేలితో తట్టినప్పుడు చిటికెన వేల్లోకి కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటే, అక్కడ మొలకలున్నాయని అర్థం. ఆ చోటు నెల నెలా వేలి వైపు ముందుకు జరుగుతుంటే నరం పెరుగుతోంది. రెండు నెలలుగా మచ్చ దగ్గరే ఆగి ఉంటే దారి మూసుకుపోయింది. నరాల్లో కరెంటు ఎలా పోతోందో చూసే పరీక్ష, కండరాల్లోకి సన్నని సూది పెట్టి చూసే పరీక్ష కూడా చేయిస్తారు. ఇవి దెబ్బ తగిలిన మొదటి రోజుల్లో చేస్తే తప్పుదారి పట్టిస్తాయి, తెగిన కింది ముక్క కొన్ని రోజులు కరెంటును మోస్తూనే ఉంటుంది కాబట్టి. మూడు వారాలు దాటాక నమ్మదగినవి. మీకు ఆ ఇబ్బంది లేదు. అనుభవం ఉన్నవాళ్లు అల్ట్రాసౌండ్‌లో నరం కొసలను నేరుగా చూడగలరు కూడా.

ఆపరేషన్‌లో మైక్రోస్కోప్ కింద కొసలను ఆరోగ్యంగా కనిపించే దాకా కత్తిరించి, వెంట్రుక కంటే సన్నని దారంతో పై తొడుగును కుడతారు. మొదటి రోజుల్లో అయితే రెండు కొసలూ సులువుగా కలిసేవి. రెండు నెలలకు అవి ముడుచుకుపోయి మధ్య సందు మిగలొచ్చు. లాగి కుడితే పనికిరాదు. అప్పుడు కాలి పిక్క వెనక ఉండే స్పర్శ నరం నుంచి ముక్క తీసి మధ్యలో అతుకుతారు. దాని మూలంగా పాదం బయటి అంచు మొద్దుబారుతుంది, చాలామంది కొన్నాళ్లకు దానికి అలవాటుపడతారు. లోపల టెండన్లు, అంటే కండరాల లాగుడును వేళ్లకు అందించే తాళ్లు, ఏవైనా తెగి ఉంటే అవీ అప్పుడే బయటపడతాయి. తర్వాత సుమారు మూడు వారాలు చేతికి పట్టీ, ఆపైన నెలల తరబడి ఫిజియోథెరపీ.

పూర్తిగా తగ్గుతుందా అన్నారు. పెద్దవాళ్లలో మునుపటిలా అచ్చంగా రావడం అరుదు, ముందే చెప్పడం మంచిది. అల్నార్ నరంలో కండరాల పోగులు, స్పర్శ పోగులు కలిసే ఉంటాయి. ఎంత బాగా కుట్టినా కొన్ని కండరపు పోగులు చర్మానికి పోయే గొట్టంలోకి, కొన్ని స్పర్శ పోగులు కండరంలోకి దిగి వృథా అవుతాయి. వేడి, పదును తెలిసేంత స్పర్శ చాలామందికి వస్తుంది. సన్నటి పనులు చేసే చిన్న కండరాలు కొంతవరకే కోలుకుంటాయి. వయసు చిన్నదవడం మీ తమ్ముడికి కలిసొచ్చే విషయం. సిగరెట్ అలవాటుంటే ఇప్పుడు మానేయాలి. ఒకవేళ కండరాలు తిరిగి రాకపోయినా దారి మూసుకుపోదు: పనిచేస్తున్న టెండన్లలో ఒకదాన్ని మళ్లించి వేళ్ల వంపు సరిచేయొచ్చు, చిటికెడు పట్టును బలపరచొచ్చు. దానికి గడువు లేదు, కాకపోతే కణుపులు బిగుసుకుపోకుండా ఉండాలి.

అందుకే ఈరోజు నుంచే చేయాల్సినది ఒకటుంది. ఎడమ చేత్తో ఆ రెండు వేళ్ల ప్రతి కణుపునూ రోజుకు నాలుగైదు సార్లు పూర్తిగా చాచి, పూర్తిగా వంచాలి. మొదటి కణుపులు వెనక్కి వాలకుండా ఆపే చిన్న పట్టీ దొరుకుతుంది, ఫిజియోథెరపిస్టును అడగండి. వేడి కాపడం పెట్టొద్దు. స్పర్శ లేని చర్మం కాలిపోతున్నా తెలియదు, బొబ్బ లేచాకే చూస్తారు. పొడిబారి పగలకుండా రోజూ క్రీము రాసి, పడుకోబోయే ముందు ఆ వేళ్లను కళ్లతో పరిశీలించుకోమనండి. పని విషయంలో కాస్త గట్టిగా చెప్పండి: పట్టు బలంలో చెప్పుకోదగ్గ వాటా ఆ రెండు వేళ్లది, కాబట్టి అద్దం పలకలు మోసే పని ప్రస్తుతానికి వద్దు. చేతి తొడుగు వేసుకున్నా పలక జారకుండా ఆగదు.

కుట్టిన తర్వాత స్పర్శ తిరిగి వచ్చేటప్పుడు మొదట తిమ్మిర్లు, చీమలు పాకినట్టు, ఒక్కోసారి మంటగా ఉంటుంది. చలికి వేళ్లు నొప్పెడతాయి. అప్పుడు దూది, గుడ్డ, బ్రష్, నాణెం లాంటివి ముందు చూస్తూ, తర్వాత కళ్లు మూసుకుని తాకుతూ గుర్తుపట్టే అభ్యాసం చేయిస్తారు. పోగులు పాత దారుల్లోనే రావు కాబట్టి వచ్చే సందేశాలను మెదడు కొత్తగా నేర్చుకోవాలి. విసుగు పుట్టించే అభ్యాసమే, అయినా మానొద్దు. తేలిగ్గా తాకినా భరించలేని మంట, వాపు, చర్మం రంగు మారడం కనిపిస్తే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.

ఇది చదివి తమ చేతులు చూసుకునే ఇతర పాఠకులకు రెండు మాటలు. రాత్రి నిద్రలో బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కి, చేయి విదిలిస్తే తగ్గుతుంటే అది మణికట్టులో మీడియన్ నరం నొక్కుకుపోవడం కావచ్చు. నింపాదిగా చూపించుకోవచ్చు, ఏళ్లు మాత్రం వదిలేయకండి. పొద్దున లేచేసరికి మణికట్టు వాలిపోయి పైకి లేవకపోతే చాలాసార్లు పై చేతిలో రేడియల్ నరం నొక్కుకోవడమే, వారాల నుంచి నెలల్లో తిరిగొస్తుంది. అయితే దానితోపాటు మూతి వంకర పోయినా, మాట తడబడినా, కాలు బరువెక్కినా అది పక్షవాతం, నిమిషాలు కూడా ఆగకూడదు. కొత్తగా కట్టు వేసిన చేతిలో నొప్పి అంతకంతకూ పెరిగి వేళ్లు మొద్దుబారితే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లి కట్టు విప్పించుకోవాలి. ఏ దెబ్బా లేకుండానే మెల్లగా వేళ్లు మొద్దుబారి వంగుతుంటే, చర్మం మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చలుంటే కుష్ఠు పరీక్ష చేయించుకోండి. మందులతో నయమయ్యే జబ్బు అది, సిగ్గుపడి దాచుకుంటే చేయి పోతుంది.

మళ్లీ మీ తమ్ముడి దగ్గరికొస్తే, సర్జన్ దగ్గరికి వెళ్లేటప్పుడు మొదటి రోజు కుట్లు వేసిన ఆసుపత్రి కాగితాలు పట్టుకెళ్లండి. మత్తివ్వక ముందు స్పర్శ ఎలా ఉందో, ధమని కట్టారో లేదో వాటిలో రాసి ఉంటే ఉపయోగపడుతుంది. కరెంటు పరీక్షకు తేదీ దూరంగా ఇస్తే ఆ రిపోర్టు వచ్చాకే వెళ్దామని ఆగకండి. ముందు చేయి చూపించండి, ఏ పరీక్ష కావాలో ఏది అక్కర్లేదో సర్జనే చెప్తారు.